రంగం రేవులో ఆ సోమవారం

ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. మనవాళ్ళు 'రంగం' అని పిలిచే రంగూన్‌లో స్ట్రాండ్ రోడ్డు మీద నిల్చున్నాం. ఎదురుగా నది, మట్టిరంగు నీళ్ళతో నిండుగా పారుతోంది. ఒడ్డు పొడుగునా గోదాములు, జెట్టీలు: సూలే పగోడా వార్ఫు, లూయిస్ స్ట్రీట్ జెట్టీ, బ్రూకింగ్ స్ట్రీట్ వార్ఫు. సరుకు దిగాల్సిన స్టీమర్లు వరసగా ఆగి ఉన్నాయి. వానాకాలం ముంగిట ఉన్న ఉక్కపోత. తడిసిన గోనెసంచుల వాసన, బియ్యపు తవుడు వాసన, దానిలో కలిసిపోయిన బొగ్గు పొగ.

ఇవాళ 1930 మే 26, సోమవారం.

మన పక్క నుంచి మనుషులు గుంపులుగా రేవులోకి నడిచిపోతున్నారు. చెప్పుల్లేని కాళ్ళు, ఎగ్గట్టిన పంచెలు, తలకు చుట్టిన తువ్వాళ్ళు, బస్తాలు లాగే ఇనుప కొక్కేలు. వాళ్ళ మాటలు వినండి.

"ఇయాల పనుంటాదంతావేటి?"

"మేస్త్రీ రమ్మన్నాడు గదా. రాత్రే సెప్పినాడు."

"కూలి పెంచినారంట."

"పెంచినారు గానీ, మన సేతికొచ్చేసరికి ఎంత మిగుల్తాదో ఆ బగమంతుడికే తెలాల."

కళ్ళు మూసుకుంటే ఇది భీమిలి రేవో, కళింగపట్నం రేవో అనిపిస్తుంది. బర్మా రాజధానిలో బరువు మోసే పనంతా తెలుగు పనే. ఓడల్లోకి బస్తాలు ఎక్కించేది మనవాళ్ళు. బియ్యం మిల్లుల్లో చెమటోడ్చేది మనవాళ్ళు. ఇక్కడ లాంచా అని పిలిచే రిక్షాలు లాగేదీ, తెల్లవారకముందే ఊరి మరుగుదొడ్లు శుభ్రం చేసేదీ మనవాళ్ళే. కోరంగి రేవు నుంచి మొదట వచ్చారు కాబట్టి తెలుగు కూలీని ఈ ఊరు 'కోరంగీ' అంటుంది. 1839 తుపానుకు కోరంగి ఓడరేవు తుడిచిపెట్టుకుపోయినా, ఇక్కడ ఆ పేరు మాత్రం నిలిచిపోయింది.

వీళ్ళు ఎలా వచ్చారో చూడాలంటే ఏడెనిమిది నెలలు వెనక్కి, కాకినాడకు వెళ్ళాలి. పెద్ద ఓడ ఒడ్డుకు రాదు. దూరంగా సముద్రంలోనే లంగరు వేస్తుంది. జనాన్ని కాలువ వెంట పడవల్లో తీసుకెళ్ళి ఓడకు ఎక్కిస్తారు. డెక్కు మీద నీడ పట్టున ఒక చాప పరుచుకోవడానికి చోటు దొరికితే అదృష్టం. పక్కనే బొగ్గు నుసి, మరో పక్క వాంతులు చేసుకుంటున్న కుర్రాడు. ఒళ్ళో అటుకుల మూట. ఆ కుర్రాడు టిక్కెట్టు తన డబ్బుతో కొనుక్కోలేదు, మేస్త్రీ కొన్నాడు. ఇంట్లో అమ్మ చేతిలో పెట్టిన నాలుగు రూపాయలూ మేస్త్రీ ఇచ్చిన బయానాయే. ఊరు దాటకముందే వేలిముద్ర పడింది. పొలంలో వరి కోతలు లేనప్పుడు, షావుకారు అప్పు ఇవ్వనప్పుడు, మాలపల్లిలోనో పల్లిపేటలోనో గంజి కూడా కరువైనప్పుడు, బతకడానికి కనిపించిన ఒకే ఒక్క దారి ఈ ఓడ.

రేవులో ఓడ సరుకు దించుకునే కంపెనీ కూలీకి నేరుగా డబ్బివ్వదు. ఆ పని గుత్తకు తీసుకున్న స్టీవెడోరుకు ఇస్తుంది. స్టీవెడోరు లేబర్ కాంట్రాక్టరుకు, కాంట్రాక్టరు పెద్ద మేస్త్రీకి, పెద్ద మేస్త్రీ గ్యాంగు మేస్త్రీకి ఇస్తాడు. ఒక్కో చెయ్యి మారినప్పుడల్లా కొంత రాలిపోతుంది. చివరికి గ్యాంగు మేస్త్రీ నోట్‌బుక్ తెరుస్తాడు. ఓడ చార్జీలో ఇంత, బయానాలో ఇంత, తిండికి ఇంత, పడుకున్న చోటికి ఇంత. అక్షరం రాని కుర్రాడు ఆ పేజీ వైపు చూసి తలూపుతాడు. ఆ కుర్రాడి రాత్రులు గడిచేది రేవుకు దగ్గర్లోని లాడ్జింగ్ ఇంట్లో. నేల మీద చాపలు అంచుకు అంచు ఆనించి ఉంటాయి. రాత్రి పనికి వెళ్ళినవాడి చాప మీద పగటి పనివాడు పడుకుంటాడు. గాలి లేదు, వెలుతురు లేదు. ఆ ఇరుకును అప్పటి రాయల్ లేబర్ కమిషన్ కూడా తన నివేదికకు ఎక్కించింది.

ఈ బతుకు భరించలేకే ఈ మే నెల మొదట్లో మనవాళ్ళు కూలి పెంచమని పని ఆపేశారు. అది మామూలు మే నెల కాదు. అయిదో తేదీ తెల్లవారకముందే గాంధీని అరెస్టు చేశారు. అదే రోజు సాయంత్రం భూకంపం వచ్చి పెగూ పట్టణం నేలమట్టమైంది, రంగూన్‌లోనూ ఇళ్ళు కూలి జనం చచ్చిపోయారు. ఊరు ఇంకా తేరుకోలేదు. ఓడలు ఆగిపోయాయి. కంపెనీలు కూలి పెంచలేదు, మనుషుల్ని మార్చాయి. పని కావలసిన బర్మీయుల్ని పిలిచి, కోరంగీల చోట నిలబెట్టాయి.

ఆ బర్మా మనిషిని కూడా మనం దగ్గరగా చూడాలి. చూడకపోతే ఈ రోజు అర్థం కాదు. అతను ఐరావతీ డెల్టాలో పొలమున్న రైతు కొడుకు. తాత అడవి కొట్టి ఆ పొలం చేశాడు. తండ్రి విత్తనాలకనీ, ఎద్దులకనీ తమిళ వడ్డీ వ్యాపారి చెట్టియారు దగ్గర అప్పు చేశాడు. వడ్డీ మీద వడ్డీ పడి కౌలుకు దిగాడు. కొడుక్కి కౌలూ దొరకలేదు, రంగూన్ వచ్చాడు. తన దేశపు రాజధానిలో వీధులన్నీ తిరిగితే తన భాష సగం చోట్ల వినిపించలేదు. మరుసటి ఏడాది జనాభా లెక్కల్లో తేలింది ఇదే: రంగూన్ జనం 4 లక్షలు, అందులో సగానికి పైగా భారతీయులు. దేశం మొత్తంలో 10 లక్షల పైచిలుకు. అతనికి రేవులో ఎన్నడూ పని దొరకలేదు. ఎందుకంటే మేస్త్రీ తన ఊరివాళ్ళనే తెచ్చుకుంటాడు. అప్పుపడ్డ మనిషి మాట వింటాడు, తక్కువకు చేస్తాడు. ఈ రెండు వారాల్లోనే మొదటిసారి అతని చేతికి రేవు కూలి వచ్చింది. పెళ్ళాం అన్నం తెస్తానంది.

నిన్న, ఆదివారం, కంపెనీలు మన మేస్త్రీలతో రాజీపడ్డాయి. కూలి కొంచెం పెంచుతాం, రేపటి నుంచి రండి అన్నాయి. బర్మా కూలీలకు మాత్రం రేపు రావద్దని ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు తెల్లవారింది. రేవు గేటు దగ్గర రెండు గుంపులున్నాయి. ఒకే ఓడ, ఒకే పని. అటు లుంగీలు, ఇటు పంచెలు. లోపలి నుంచి ఒక గుమాస్తా వచ్చి బర్మా వాళ్ళతో మీకిక పనిలేదు, పొండి అన్నాడు. అంతే. రెండు వారాలు ఓడల సరుకు మోసినందుకు ఒక మాట లేదు, ఇంకోచోట పని చూపిస్తామన్న హామీ లేదు. మనవాళ్ళలో కొందరు నవ్వారు. గెలిచామన్న నవ్వు. చాలా రోజులు పస్తులున్నవాళ్ళకు ఆ నవ్వు ఆగలేదు. అన్నం బుట్టలతో వచ్చిన ఆడవాళ్ళు ఆ నవ్వు చూశారు. నవ్వు తిట్టయింది. తిట్టు తోపులాటయింది. ఎవరి చేతిలోనో కట్టెపేడు లేచింది.

పరిగెత్తండి. రేవులో ఇప్పుడు నిలబడే చోటు లేదు. మనవాళ్ళు కొందరు జెట్టీ మీది నుంచి నీళ్ళలోకి దూకుతున్నారు. స్ట్రాండ్ రోడ్డు దాటి గొడవ వీధుల్లోకి పాకింది. 'దా' అనే పొడవాటి కత్తులు బయటికొచ్చాయి. రిక్షా లాగుతున్నవాడు ఎక్కినమనిషితో సహా బండి వదిలేసి సందులోకి దూరాడు. రేవు గొడవ ఏమిటో కూడా అతనికి తెలియదు. నల్లగా ఉన్నాడు, తెలుగు మాట్లాడతాడు, అంతే చాలు. లాడ్జింగ్ ఇళ్ళ తలుపులు లోపలి నుంచి గడియపెట్టుకున్నారు. ఒకే తలుపున్న ఇంట్లో వందమంది. బయట గొడ్డలి దెబ్బలు. లోపల ఎవరో చిన్నగా "అమ్మోరు తల్లీ" అంటున్నారు. ఇంకెవరో అతని నోరు మూశారు.

ఇలా రోజుల తరబడి సాగింది. సైన్యం దిగింది. వందమందికి పైగా చనిపోయారు, దాదాపు వెయ్యిమంది గాయపడ్డారు. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళే. బతికినవాళ్ళు వేల సంఖ్యలో పాత పిచ్చాసుపత్రి ఆవరణలో తలదాచుకున్నారు. ఆ గోడల మధ్య ఒక మూల గంజి కాస్తున్నారు, ఇంకో మూల గాయాలకు కట్లు కడుతున్నారు. తమ్ముడి పేరు పిలుస్తూ తిరుగుతున్న ఒక అన్న కనిపిస్తాడు. గ్యాంగు మేస్త్రీ కూడా అక్కడే ఉన్నాడు, కానీ ఈసారి నోట్‌బుక్ తీయలేదు.

ఇక ఊరు సంగతి. మొదటిరోజు ఊరు బర్మా వాళ్ళ విజయమనుకుంది. రెండోరోజు చెత్త ఎత్తేవాళ్ళు లేరు. మరుగుదొడ్ల బకెట్లు అలాగే ఉన్నాయి. ఓడలు కదల్లేదు. ఆ ఎండలో, ఆ ఉక్కలో, నగరం ముక్కు మూసుకుని కూర్చుంది. నిన్నటిదాకా ఈ కోరంగీలు ఎక్కువైపోయారన్న ఊరే, వాళ్ళు ఎప్పుడు పనిలోకి వస్తారని అధికారుల్ని అడగడం మొదలుపెట్టింది. వేలమంది రాలేదు. చిక్కిన ఓడెక్కి విశాఖపట్నానికో, కాకినాడకో తిరిగిపోయారు.

ఆ తర్వాత రేవు పనిలో బర్మా కూలీలకూ వాటా ఇచ్చారు. ముందే ఇచ్చి ఉంటే ఏమయ్యేది? ఇద్దరికీ పని చూపించే కంపెనీ, ఇద్దరికీ సరైన కూలి ఇచ్చే చట్టం ఉంటే ఆ గేటు దగ్గర ఎవరు ఎవర్ని కొట్టుకునేవాళ్ళు? ఆ వారం రంగూన్‌లో గొడ్డలి దెబ్బలు పడింది కూలీల తలుపుల మీద.

అదే ఏడాది బర్మాలో 'దొబమా' సంఘం పుట్టింది. 'మన బర్మా' అన్నది దాని నినాదం. బ్రిటిష్ వాణ్ణి వెళ్ళగొట్టాలన్న న్యాయమైన కోపమూ, భారతీయుణ్ణి వెళ్ళగొట్టాలన్న కోపమూ ఒకే పాటలో కలిసిపోయాయి. వరి ధర పడిపోయింది. 1930లో దిగువ బర్మా ముఖ్య వరి జిల్లాల్లో చెట్టియార్ల చేతిలో ఉన్న భూమి 6 శాతం, 1937 నాటికి 25 శాతం. భూమి పోగొట్టుకున్న రైతుకు చెట్టియారు కనిపించడు, అతని గుమాస్తా కనిపిస్తాడు. గుమాస్తా కూడా దొరక్కపోతే వీధిలో రిక్షా లాగేవాడు కనిపిస్తాడు. కోపం ఎప్పుడూ చేతికందినవాడి మీదే పడుతుంది. 1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుంచి విడదీశారు. నిన్నటిదాకా ఒకే ప్రభుత్వం కింద ఇక్కణ్ణుంచి అక్కడికి పనికి వెళ్ళినవాడు, ఆ ఉదయం నుంచి పరాయిదేశస్తుడు. 1938లో మళ్ళీ అల్లర్లు. 1941లో వలసల మీద ఇండియా, బర్మా ప్రభుత్వాలు ఒక ఒప్పందం రాసుకున్నాయి. ఆ సిరా ఆరకముందే యుద్ధం వచ్చిపడింది.

1941 డిసెంబర్ 23, మంగళవారం, ఉదయం పది గంటల వేళ. మళ్ళీ అదే రేవులో ఉన్నాం. ఆకాశంలో విమానాల మోత. బస్తా దించి అందరూ తలెత్తి చూస్తున్నారు. ఈ ఊరు ఇంతవరకూ బాంబు చూడలేదు. జపాను విమానాలని తెలిసేలోపే పడ్డాయి. రేవు, వీధులు, బస్తాల వరసలు అంతా దుమ్ము, పొగ. ఆరుబయట ఉన్నది కూలీలే కాబట్టి చచ్చిందీ ఎక్కువగా కూలీలే. ఆ సాయంత్రానికి, ఉత్తరాన ప్రోమ్ పట్టణం వైపు పోయే రోడ్డు మీద జనం ఏరులా కదిలారు. ప్రభుత్వం అడ్డుపడింది. వీళ్ళు పోతే ఓడలెవరు దించుతారు, ఆసుపత్రులెవరు ఊడుస్తారు? వీళ్ళను ప్రోమ్ దగ్గర ఆపి వెనక్కి పంపింది. ఫిబ్రవరి వచ్చేసరికి ఆపేవాళ్ళు కూడా పారిపోయారు. ఓడల్లో డబ్బున్నవాడికి చోటు దొరికింది. లేనివాడికి కొండలు దొరికాయి.

ఆ కొండల్లోకి కూడా వెళ్దాం. ప్రోమ్ దగ్గర ఐరావతి దాటి, అరకాన్ యోమా మీదుగా తౌంగుప్ దాకా 100 మైళ్ళకు పైగా కాలిబాట. వెదురు పొదలు, ఎండిన వాగులు. మన ముందు ఒక కుటుంబం నడుస్తోంది. తండ్రి నెత్తిన గంప, గంపలో రెండేళ్ళ పిల్ల. తల్లి చేతిలో ఇత్తడి చెంబు. ఇల్లంతా వదిలేసి ఆ చెంబు ఒక్కటే తెచ్చుకుంది. వాగు మడుగు దగ్గర ఆగి ముంచబోయింది. మడుగులో పై పక్కన ఒక మనిషి బోర్లా పడి ఉన్నాడు, కలరా. భర్త వద్దన్నాడు. పిల్ల నాలుక బయటపెట్టి చూస్తోంది. ఆమె కాసేపు చెంబుని అలాగే పట్టుకుని నిల్చుంది. తర్వాత వంగి ముంచింది.

దారి పక్కన కూర్చున్నవాళ్ళలో కొందరు ఇక లేవరు. "ఏ ఊరు బాబూ మీది?" అని అడిగితే పెదాలు కదుపుతారు. "బారువ." "పూడిమడక." ఆ ఊళ్ళ పేర్లు ఆ కొండల్లో ఎంతమంది నోట ఆఖరి మాటలయ్యాయో. తౌంగుప్ చేరితే అక్కణ్ణుంచి పడవల మీద అక్యాబ్‌కు, తర్వాత చిట్టగాంగ్‌కు. ఇంకొందరు ఉత్తరాన మాండలే దాటి, టాము అనే ఊరి మీదుగా ఇంఫాల్ వైపు నడిచారు. ఆ దారిలో తెల్లవాళ్ళకు ఒక బాట, నల్లవాళ్ళకు ఒక బాట పెట్టారని దేశమంతా మండిపడింది. అన్ని దారుల్లోనూ కలిపి ఆ కొద్ది నెలల్లో ఇండియా చేరినవాళ్ళు నాలుగయిదు లక్షలు. దారిలో రాలిపోయినవాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు.

యుద్ధం తర్వాత కొందరు మళ్ళీ వెళ్ళారు. 1962లో జనరల్ నే విన్ సైనిక కుట్రతో అధికారంలోకి వచ్చాడు. 1964 మార్చిలో దుకాణాలు జాతీయం చేశాడు, మే నెలలో 50, 100 చాట్ల నోట్లు రద్దు చేశాడు. భారతీయులు మళ్ళీ ఓడలెక్కారు, ఈసారి ఒంటి మీది బట్టలతో. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అలా వెలిసిందే. తాతల ఊరికి తిరిగొచ్చినా వాళ్ళు ఇక్కడ 'బర్మావాళ్ళే' అయ్యారు. అక్కడ ఉండిపోయినవాళ్ళకు 1982 పౌరసత్వ చట్టం ఇంకో గీత గీసింది. 1823కు ముందే అక్కడ ఉన్న జాతులవాళ్ళు పుట్టుకతోనే పౌరులంది. యాంగోన్‌గా పేరు మారిన రంగూన్‌లోనూ, మోన్ రాష్ట్రంలోనూ తెలుగు కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. నాలుగు తరాల కిందట బస్తా మోయడానికి వెళ్ళినవాడి మునిమనవడు, పుట్టిన దేశంలో ఇంకా రుజువులు చూపించుకుంటున్నాడు.

ఇదంతా పాతకథ అనుకోవడానికి లేదు. 2017 ఫిబ్రవరిలో అమెరికాలోని ఒలేథాలో 'మా దేశం నుంచి పొండి' అని అరిచిన ఒకడు మన తెలుగు ఇంజినీరును కాల్చి చంపాడు. ఆ రాత్రి ప్రతి తెలుగు ఇంట్లో ఫోను మోగింది. పరాయిగడ్డ మీద మనవాడి మీద చెయ్యిపడితే ఎలా ఉంటుందో మనకు తెలుసు.

మరి మన గడ్డ మీద? 2020 మే 1న, కరోనా లాక్‌డౌన్ నడిమధ్య, వలస కూలీల్ని ఇళ్ళకు చేర్చే శ్రామిక్ రైళ్ళలో దేశంలోనే మొదటిది కదిలింది మన లింగంపల్లి నుంచే, జార్ఖండ్‌లోని హటియాకు. కాంక్రీటు పోసిన చేతులు అన్నం లేక ఇంటిదారి పట్టాయి. వారం తిరిగేసరికి అదే లింగంపల్లికి బీహార్‌లోని ఖగడియా నుంచి ఇంకో రైలు వచ్చింది. రైలు దిగినవాళ్ళు రైస్ మిల్లుల హమాలీలు. వాళ్ళు లేకపోతే తెలంగాణ ధాన్యం మిల్లు దాటదు. మన రైతు ఏడాది కష్టాన్ని బస్తాల్లోకి ఎత్తేది బీహార్ భుజం. అప్పటికి తొంభై ఏళ్ళ ముందు రంగూన్ మిల్లుల్లో అదే బస్తా ఎత్తింది మన భుజం.

అందుకే చదివే ప్రతి ఒక్కరికీ ఒక మనవి. ఇటుక బట్టీ దగ్గర ఒడిశా కుటుంబం, కడుతున్న అపార్ట్‌మెంటు కింద బెంగాల్ కుర్రాడు కనిపించినప్పుడు 'వీళ్ళొచ్చి మన పని పట్టుకుపోయారు' అన్న మాట ఎవరి నోటైనా వినిపిస్తే, అక్కడే ఆపండి. స్థానికుడికి పని లేకపోవడం నిజమైన బాధే, దాన్ని కొట్టిపారేయొద్దు. కానీ ఆ పనికి కూలి ఎంత కట్టారు, మధ్యలో ఎన్ని చేతులు మారింది, బయానా ఎవరిచ్చారు, అదే కూలికి స్థానికుణ్ణి ఎందుకు పెట్టుకోలేదు అని అడగండి. కాంట్రాక్టరును అడగండి, లేబర్ ఆఫీసును అడగండి, మీ ఎమ్మెల్యేను అడగండి. ఇద్దరు కూలీలకూ సమానమైన కూలి, లెక్క కనిపించే చీటీ, పడుకోవడానికి గాలి ఆడే గది ఉంటే గేటు దగ్గర గొడవకు సగం కారణం పోతుంది. రంగూన్ రేవులో ఆ ప్రశ్న సమయానికి ఎవరూ అడగలేదు. మనం అడగాలి.